గాలపు త్రాడు - ముడి: ఒక చారిత్రక పరిశీలన

గ్రంథమను మాటకును గ్రంథి యను మాటకును ధాతు వొక్కటే. కట్టుట, కూర్చుట యను నర్థములు గల యా ధాతువునుండి కూర్చిన రచనకొక పేరును, త్రాట వేసిన ముడికొక పేరును ఏర్పడినవి. పుట్టుకచే నింతటి చుట్టఱికమున్నను గ్రంథములు గ్రంథులను గూర్చి చెప్పినది మిక్కిలి స్వల్పము. ఓడలు నడపినవారు, వలలు పన్నినవారు, గాలములు వేసినవారు వేలయేండ్లుగా ముడులు వేయుచునే యున్నారు. ఆ విద్య చేతినుండి చేతికి వచ్చినదే గాని చేతినుండి వ్రాతకు వచ్చినది తక్కువ.

ఈ వ్యాసమున మేము అట్టి ముడులలో నొక చిన్న తెగను మాత్రమే పరిశీలింపదలచితిమి. గాలమును త్రాటికిని, ఒక త్రాటిని మఱియొక త్రాటికిని కలుపు ముడులివి. వినుటకు విషయము చిన్నది. కాని కఱ్ఱ యెంత గట్టిదైనను, గాలమెంత వాడియైనదైనను, చిక్కిన చేప నిలుచుట గోరంత ముడిపై నాధారపడి యుండును. ఈ ముడుల చరిత్రను చూడగా మాకొక సూత్రము స్పష్టముగా గోచరించినది. ఏ కాలమునందైనను ముడిని నిర్ణయించినది తంతువు. తంతువు మాఱినప్పుడెల్ల నిన్నటి మంచి ముడి నేటికి పనికిరానిదైనది. లేదా రూపము మార్చుకొని బ్రదికినది. ఈ సూత్రమును నిరూపించుటయు, దానినుండి మన పదసేకరణకు గలుగు పాఠమును చూపుటయు మా యుద్దేశములు. వ్రాతపూర్వకములైన యాధారములు ఇంగ్లండునందు వరుసగా లభించుచున్నందున చరిత్రభాగ మెక్కువగా నా దేశమునకు సంబంధించినది. కడపటి భాగమున తెలుగునకు వత్తుము.

1. ఆధారముల స్వభావము

గాలము నిలుచును, త్రాడు కుళ్లును. ఈ విషయముననే పురావస్తుశాస్త్రజ్ఞునకు మొదటి కష్టము. జపానుకు చెందిన ఒకినావా ద్వీపమున సకితారి గుహయందు గుల్లతో చేసిన గాలములు లభించినవి. అవి సుమారు 23,000 సంవత్సరముల నాటివని 2016లో పరిశోధకులు ప్రకటించిరి. సింధునాగరికతా స్థలములందు రాగి గాలములు దొరికినవి. వీనిని త్రాళ్లకు కట్టిన ముడులు మాత్రము మట్టిలో కలిసినవి. ఎప్పుడో గాని ప్రకృతి ముడిని దాచిపెట్టదు. 1913లో కరేలియాలోని ఆంట్రియావద్ద విల్లోచెట్టు నారతో అల్లిన వల యొకటి దొరికినది. దాని వయస్సు పదివేల యేండ్లకు పైబడినది. అది వల యగుటచే మన ప్రస్తుత విషయమునకు దూరమే యైనను, నారకు ముడివేయు నేర్పు ఎంత ప్రాచీనమైనదో చూపుటకు చాలును.

వ్రాతలయందు మఱియొక కష్టమున్నది. క్రీ.శ. మొదటి శతాబ్దమువాడైన హెరాక్లాసను గ్రీకు వైద్యుడు శస్త్రచికిత్సకు పనికివచ్చు 18 ముడులను, ఉచ్చులను వర్ణించెను. ఆ వర్ణనలు నాల్గవ శతాబ్దపు వైద్యుడైన ఒరిబేసియసు సంకలనమువలన మనకు దక్కినవి. అవి మాటలతో చేసిన వర్ణనలు. బొమ్మలు చాల కాలము తరువాత చేరినవి. కావున ఆధునికులు ఆ వాక్యములను చదువుచు త్రాటితో ముడులు వేసి చూచి యర్థము చేసికొనవలసివచ్చినది. ముడి విషయమున వ్యాఖ్యానము చేయవలసినది కలము గాదు, వ్రేలు.

2. వెండ్రుక త్రాడు

పాశ్చాత్యదేశములందు చిరకాలము గాలపు త్రాటికి వాడినది గుఱ్ఱపుతోక వెండ్రుక. మొదటి శతాబ్దమున పుట్టి రెండవ శతాబ్దారంభమువఱకు జీవించిన ప్లూటార్కు జంతువుల తెలివిని గూర్చి రచించిన సంభాషణలో దీని ప్రస్తావనమున్నది. చేప తెలివిగలది గావున జాలరి త్రాటిని శ్రద్ధతో నెన్నుకొనవలెనని ఆయన తాత్పర్యము. ఆడుగుఱ్ఱముల వెండ్రుక మూత్రముచే తడిసి బలము తగ్గును గావున మగగుఱ్ఱముల వెండ్రుక మేలు. గాలము దగ్గఱ తెల్లని వెండ్రుక యైనచో నీటిలో కలిసిపోవును. త్రాట ముడు లెక్కువగా నుండరాదు, గఱుకుతనము పనికిరాదు, ఏలయన చేప మోసమును పసిగట్టును. ఆయన చెప్పిన విషయములివి. ముడి యవసరమైన దోషమని ప్లూటార్కు గుర్తించినట్లు దీనివలన తెలియుచున్నది. తోకవెండ్రుక పొడవునకు హద్దున్నది. ముడి లేక త్రాడు సాగదు. ముడి యున్నచో చేపకు కనబడును. ఈ చిక్కు తరువాతి రెండువేల యేండ్ల చరిత్రయందు మాటిమాటికి కనబడుచుండును.

ఇంగ్లండున 1496లో వింకిన్ డి వర్డ్ అను ముద్రాపకుడు వెస్ట్‌మినిస్టరున ప్రకటించిన గ్రంథమున గాలపు వేటను గూర్చిన ప్రకరణము చేరినది. జూలియానా బెర్నర్సను సన్యాసిని దీనికి కర్త్రి యను ప్రసిద్ధి కలదుగాని ఆధారము బలమైనది కాదు. శాస్త్రగ్రంథమునకు దగిన క్రమ మీ ప్రకరణమున కనబడును. మిన్నో యను చిఱుచేపకు ఒక వెండ్రుక, పెర్చ్ చేపకు నాలుగు, మామూలు ట్రౌటునకు తొమ్మిది, పెద్ద ట్రౌటునకు పండ్రెండు, సాల్మనునకు పదునైదు వెండ్రుకలు పేనిన త్రాడు వలయునని యిందు చెప్పబడినది. ఋతువునుబట్టి, నీటి రంగునుబట్టి వెండ్రుకలకు రంగులద్దు విధములును కలవు.

మనకు ముఖ్యమైనది ముడి మాట. పేనిన పురులను ఒకదానికొకటి నీటిముడితో గాని డచెస్ ముడితో గాని కలుపవలెననియు, ముడి బిగిసిన తరువాత మిగులు కొనలను గడ్డిపరక వెడల్పు విడిచి కత్తిరింపవలెననియు ఈ గ్రంథము విధించుచున్నది. కొనను ముడి మొదటికే కోసినచో ముడి జాఱును. పొడవుగా విడిచినచో చేప చూచును. గడ్డిపరకంత యను ప్రమాణము వ్రాసినవారి చేతికి అనుభవమున్నదని సాక్ష్యమిచ్చుచున్నది.

నీటిముడిలో రెండు త్రాళ్ల కొనలను ఎదురెదురుగా ప్రక్కప్రక్కన పెట్టి, రెంటిని కలిపి యొక చుట్టు త్రిప్పి లోనినుండి లాగుదురు. వెండ్రుకకు స్వభావముచేతనే గఱుకుతనముండును. దాని పైపొరయందు చేపపొలుసులవలె ఒకదానిపై నొకటి పేర్చిన సూక్ష్మమైన పొరలుండుటచే ఒక వెండ్రుక మఱియొక దానిని పట్టుకొనును. పురిపెట్టిన వెండ్రుకలు ముడియందు నలిగి యొదిగి మఱింత గట్టిపడును. అందువలన చుట్లు తక్కువైనను ముడి నిలిచినది. ఇక డచెస్ ముడి సంగతి వేఱు. దాని పేరు ముద్రణకెక్కి అయిదువందల యేండ్లు దాటినది. దాని రూపమేమో పండితులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. పేరు బ్రదికి ముడి మరణించినదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

3. పట్టుతంతియు, బెజ్జము గాలమును

పదునేడవ శతాబ్దమున వెండ్రుకకు పోటీ వచ్చినది. శామ్యూల్ పీప్స్ తన దినచర్యయందు 1667 మార్చి 18వ తేదీన, వార్నిషు పూసిన సన్నని ప్రేగుతంతితో గాలము వేయుటను గూర్చి యొకరు చెప్పగా విన్నట్లు వ్రాసికొనెను. అది నీట ఉబ్బదనియు, సన్నదనమునను బలమునను వెండ్రుకను మించిన దనియు ఆయన విన్న మాట. 1724లో జేమ్స్ సాండర్స్ తన గ్రంథమున పట్టుపురుగునుండి తీసిన తంతిని పేర్కొనెను. పందొమ్మిదవ శతాబ్దమున స్పెయినుదేశపు మూర్సియా ప్రాంతము దీనికి ప్రధానస్థానమైనది. గూడు కట్టుటకు సిద్ధమైన పురుగులను పుల్లనీటిలో నానవేసి, వాని పట్టుగ్రంథులను బయటికి తీసి, రెండు చేతులతో సాగదీసి ఆరబెట్టుదురు. ఇట్లేర్పడిన తంతి నున్నగా, పారదర్శకముగా, ఒంటిపోగుగా నుండును. దీనినే మేము పట్టుతంతి యనుచున్నాము.

ప్లూటార్కు కోరిన గుణములన్నియు దీనియందున్నవి. కాని ఒక పురుగునుండి వచ్చు తంతి మూరెడే గావున ముడుల యవసరము తగ్గలేదు. పైగా ఆరిన పట్టుతంతి పెళుసు. పొడిగా ముడివేసినచో పగులును. కావున ముందు నీట నానబెట్టి, మెత్తబడిన తరువాత ముడివేయుట యాచారమైనది. వేటకు వెళ్లువారు తంతులను తడిగుడ్డల నడుమ పెట్టి తీసికొని వెళ్లెడివారు. వెండ్రుక కాలమున ముడియెట్లు వేయవలెనను ప్రశ్నయే యుండగా, పట్టుతంతి కాలమున ముడి యే స్థితిలో వేయవలెనను రెండవ ప్రశ్న చేరినది.

మూడవ మార్పు తంతువునందు గాక గాలమునందు వచ్చినది. పూర్వము సన్నగాలములకు బెజ్జము లేదు. గాలపు కాడపై తంతినుంచి పట్టుదారముతో చుట్టి మైనము పట్టించెడివారు. తంతి పాడైనచో గాలమును పాడైనట్లే. 1879 ప్రాంతమున హెచ్. ఎస్. హాల్, జార్జి బ్యాంకర్టులు చిన్నగాలములకు మంచి బెజ్జము నమర్చిరి. ఈ హాలుగారు మన దేశమున కొన్ని తరముల విద్యార్థులు బీజగణితము నేర్చిన హాల్, నైట్ గార్ల గ్రంథములలోని హాలే. బెజ్జము వచ్చుటతో గాలమును ముడితోనే కట్టు నవకాశము కలిగినది. 1880ల దశకమున మేజర్ టర్ల్ ప్రచారము చేసిన ముడి ఆయన పేరనే నిలిచినది. ఆయన దానికి తాను కర్తనని చెప్పుకొనలేదు. తంతిని బెజ్జమునుండి పోనిచ్చి, జాఱుడు ఉచ్చువేసి, ఆ యుచ్చును గాలముమీదుగా తప్పించి బెజ్జము వెనుక కాడపై బిగించుట దీని పద్ధతి. తంతియు కాడయు ఒకే వరుసలో నిలుచును. తడిసిన పట్టుతంతి కాడను గట్టిగా పట్టుకొనును గావున ఆ కాలమున కిది తగిన ముడి.

1910లో ఎ. హెచ్. చేటర్ తన కుమారులకు వ్రాసిన లేఖల రూపమున ప్రకటించిన సాల్మను వేట గ్రంథమున అర్ధ బ్లడ్‌నాట్ అను ముడి ప్రస్తావనము కనబడుచున్నది. కొనను బెజ్జమునుండి తీసి, అసలు త్రాటిచుట్టు అనేక పర్యాయములు చుట్టి, తిరిగి బెజ్జము మొదటనున్న సందులో దూర్చి లాగుదురు. చుట్ల సంఖ్యను కావలసినట్లు పెంచుకొనుట కవకాశ మీ ముడియందున్నది. తరువాత వచ్చిన తంతువునకు ఈ గుణమే ప్రాణాధారమైనది.

4. నైలానును, దాని తరువాతి తంతువులును

1935లో వాలెస్ కరోథర్స్ ప్రయోగశాలయందు పుట్టిన నైలానును డ్యూపాంట్ సంస్థ 1938 అక్టోబరులో లోకమునకు ప్రకటించెను. కొలది కాలములోనే గాలపు త్రాళ్లు దానితో తయారైనవి. మూరెడు తంతి స్థానమున ఎంత పొడవైన త్రాడైనను ఒకే పోగుగా లభించుటచే పురులను కలుపు ముడుల యవసరము చాలవఱకు తీరినది. కాని గాలపు ముడి యందు క్రొత్త యాపద వచ్చినది. పాతముడులు తెగలేదు, జాఱినవి. నైలాను గాజువలె నునుపు, బిఱుసు, నలిగి యొదుగదు. పట్టుతంతికి చక్కగా పనిచేసిన టర్ల్ ముడిని నైలానుకు రెట్టించి వేయవలసి వచ్చినది. 1947లో స్టాన్లీ బార్న్స్ ప్రకటించిన పుస్తకమునకు పట్టుతంతియందును నైలానునందును గాలపు ముడులని పేరు. రెండు తంతువుల సంధికాలమున పుట్టిన గ్రంథమది. ముడిని చెప్పుటకు తంతువు పేరును చెప్పక తీఱదని ఆ శీర్షికయే చాటుచున్నది.

ఇచ్చట ముడి యేల నిలుచునో కొంచెము విచారింపవలెను. గుంజకు చుట్టిన త్రాటి పట్టు ఎట్లు పెరుగునో 18వ శతాబ్దమున ఆయిలర్ లెక్కగట్టెను. పట్టు చుట్లతోపాటు కూడికగా పెరుగదు, హెచ్చింపుగా పెరుగును. ఘర్షణ గుణకము 0.2 అయినచో ఒక చుట్టు పట్టును సుమారు 3.5 రెట్లు చేయును; మూడుచుట్లు సుమారు 43 రెట్లు చేయును. గుణకము 0.1కి దిగినచో అదే 43 రెట్లకు ఆరుచుట్లు కావలెను. అనగా నునుపు రెట్టించిన చుట్లు రెట్టింపవలెను. ముడి గుంజకంటె చిక్కైనదే యైనను సూత్రమిదియే. బ్లడ్‌నాట్ తెగకు చెందిన ముడులు నైలాను కాలమున రాజ్యమేలుటకును, వానికి అయిదుచుట్లు వేయుమని నేర్పుటకును, వెండ్రుకకు ఒక చుట్టుతో సరిపోయిన పాత నీటిముడి మూడు నాలుగు చుట్లతో పునర్జన్మ మెత్తుటకును కారణమిదియే. ముడులయందు త్రాడు తనపై తాను మెలిపడు దిశయు, దాటు సంఖ్యయు పట్టును నిర్ణయించునని 2020లో సైన్సు పత్రికయందు ప్రకటితమైన పరిశోధన రంగులు మాఱు తంతువులతో చూపినది.

నీటి ప్రభావమును తంతువునుబట్టి వేఱుగా నుండును. ప్రత్తినూలు, నారత్రాళ్లు తడిసినప్పుడు బలము పెరుగును; నైలానుకు నీరు పీల్చినప్పుడు కొంత బలము తగ్గును. అయినను నైలాను ముడిని బిగించునప్పుడు ఉమ్మితోనో నీటితోనో తడుపుదురు. పొడిగా లాగినచో రాపిడివేడికి తంతువు చెడి ముడివద్దనే తెగును. పట్టుతంతిని తడిపినది మెత్తబడుటకు. నైలానును తడుపునది చల్లబడుటకు. ఆచార మొకటియే యైనను కారణము మాఱినది. ఆచారమును మాత్రమే వ్రాసికొని కారణమును విడిచిన చరిత్రకారుడు ఈ భేదమును కానలేడు.

1971లో జపానునందు కురేహా సంస్థ ఫ్లోరోకార్బను త్రాటిని తెచ్చినది. దీని కాంతివక్రీభవన గుణకము సుమారు 1.42. నీటికి 1.33, నైలానుకు సుమారు 1.53 గావున ఇది నీటిలో తక్కువగా కనబడును. ప్లూటార్కు తెల్లవెండ్రుకతో సాధింపజూచినదానినే రసాయనశాస్త్ర మిట్లు సాధించినది. కాని యిది నైలానుకంటె బిఱుసు. లావు త్రాటికి చుట్లెక్కువైనచో ముడి సరిగా కూర్చుండదు. కావున చుట్లు తగ్గించి, బాగుగా తడిపి, మెల్లగా బిగింపవలెను.

1970ల చివర నెదర్లాండ్సునందు డి.ఎస్.ఎం. సంస్థ పరిశోధకులు రూపొందించిన వడుకు విధానముచే మిక్కిలి బలమైన పాలిఎథిలీను పోగు లేర్పడినవి. వీనిని జడవలె అల్లిన త్రాళ్లు నేడు విరివిగా వాడుకలో నున్నవి. ఇవి నీటిపై తేలును, సాగవు, సన్నదనమునకు మించిన బలము కలవి. కాని వీని జాఱుడు నైలానును మించినది. నైలానుకు చాలిన అయిదుచుట్లు వీనికి చాలవు. త్రాటిని మడిచి జంటగా బెజ్జమునుండి తీసి, మామూలు ముడివేసి, ఏర్పడిన యుచ్చులోనుండి గాలమునే దాటించి బిగించు పాలొమార్ ముడిని వీనికి మెచ్చుకొందురు. జంటపోగు రాపిడిని పెంచును; బెజ్జముపై భారమును పంచును.

కావున గాలపు ముడి నెన్నుకొనువాడు మొదట ముడి పేరును గాదు, మూడు ప్రశ్నలను తలచుకొనవలెను. త్రాడు నునుపెంత? బిఱుసెంత? తడిసినచో నేమగును? నునుపైనదానికి చుట్లుగాని జంటపోగుగాని కావలెను. బిఱుసైనదానికి చుట్లు తగ్గింపవలెను. మెత్తని నారకు చిన్నముడి చాలును. చదువరి నూలుదారము, నైలాను, అల్లిన పాలిఎథిలీను త్రాడు తీసికొని ఒకే ముడిని మూడింటికిని వేసి లాగిచూచినచో మా వాదమునకు వేఱు సాక్ష్య మక్కఱలేదు.

5. మన నిఘంటువులును గాలపు ముడియును

ఇక మన సంగతి. అమరకోశపు వారివర్గమున వలకు ఆనాయము, జాలము అను పేర్లును, జనపనార త్రాటికి శణసూత్రమను పేరును, చేపల బుట్టకు కువేణి యను పేరును, గాలమునకు బడిశమను పేరును పొందుపఱుపబడినవి. పరికరములు వచ్చినవి, తంతువు సహితము వచ్చినది, వానిని కలుపు ముడికి పేరు రాలేదు. 1129 ప్రాంతమున కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసము నాలుగవ వింశతియందు మత్స్యవినోదమను ప్రకరణమున్నది. చేపల జాతులు, వానికి మేతలు, గాలమువేయు విధములు అందు రాజవినోదముగా వర్ణింపబడినవి. 1951లో సుందర్‌లాల్ హోరా దీనిని మత్స్యశాస్త్రజ్ఞుని దృష్టితో పరిశీలించెను. తెలుగునేలలో కొంతభాగ మీ చాళుక్యుల యేలుబడిలో నుండెను గావున ఈ ప్రకరణము మనకు పరాయిది గాదు. కాని గాలము పట్టి వినోదించిన రాజు గ్రంథకర్త యయ్యెను. రాజునకు త్రాడు పేని గాలము కట్టి యిచ్చిన సేవకుని విద్య అతని వ్రేళ్లయందే నిలిచినదని తలంతుము.

తెలుగున గాలము, ఎర, బెండు, గుండు, గాలపుకఱ్ఱ మొదలైన చక్కని మాటలు కలవు. గాలమువేయుట యను జాతీయము వేటను దాటి లోకవ్యవహారమునకు వచ్చినది. ముడులకును మాటలు తక్కువ లేవు: మూడుముడులు, బ్రహ్మముడి, కొంగుముడి, పీటముడి, జాఱుముడి, చిక్కుముడి. కాని వీనిని పరికించిన నొక విశేషము తెలియును. కొన్ని సందర్భమును చెప్పును, కొన్ని ఫలితమును చెప్పును. త్రాడెట్లు నడచినదో, ఎన్నిచుట్లు చుట్టినదో చెప్పునవి గావు. నిఘంటువులో పీటముడి యను మాటకు గట్టిముడి యని యర్థము చూచినవాడు పీటముడి వేయలేడు. డచెస్ ముడికి పట్టినగతి మన మాటలకు పట్టుటకు అట్టే కాలము పట్టదు.

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశ ప్రథమసంపుటమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయపదములను పల్లెలనుండి సేకరింపజేసి మార్గము చూపిరి. ఆ మార్గము ముడులకును వర్తించును. కాని ఒక భేదమున్నది. నాగలిని చూపి పేరడుగవచ్చును, బొమ్మ గీయవచ్చును, ప్రదర్శనశాలలో నుంచవచ్చును. ముడి వేసినంతకాలమే యుండును. బిగిసినచో దాని దారి కంటికి కనబడదు. కావున ముడి పేరును సేకరించువారు పేరుతోపాటు ఏ తంతువునకు వేయుదురో, దేనిని దేనితో కలుపుదురో, ఎన్ని చుట్లో, తడిగానో పొడిగానో వ్రాసికొనవలెను. ఆ ముడిని ఆ తంతువుతోనే వేయించి, వదులుగా నొకటి, బిగించి యొకటి భద్రపఱుపవలెను. చేతుల కదలికను చిత్రించు సాధనములు నేడు ప్రతివారి చేతనున్నవి.

ఈ పనికి గడువు తక్కువ. 1950ల తరువాత నైలాను భారతతీరములకు వ్యాపించి నారత్రాటిని, నూలుత్రాటిని తొలగించినది. 1960 ప్రాంతమున 15 ఏండ్ల బాలుడుగా నారత్రాటికి గాలము కట్టినవాడు నేడు 80 ఏండ్లు దాటిన వృద్ధుడు. ఆతని మనుమనికి నైలాను ముడి తెలియును, అది నైలానుకు తగినదే. నారముడి యాతని కక్కఱలేదు. ఇందు తప్పెవరిదియు గాదు. తంతువు మాఱిన ముడి మాఱుట సహజమని పై చరిత్రయంతయు చెప్పుచున్నది. వృత్తి తన యవసరమునుబట్టి మఱచునది. దానిని జ్ఞాపకముంచుకొనుట విద్యాపీఠముల పని.

పై పరిశీలనముయొక్క సారమిది. ముడి తంతువునకు చెందినది గాని చేతి నేర్పునకు మాత్రమే చెందినది గాదు. వెండ్రుకనుండి పాలిఎథిలీనువఱకు ప్రతి మార్పును దీనిని బలపఱుచుచున్నది. పేరొక్కటియే నిలిచిన ముడి నిలిచినట్లు గాదు. కావున ముడుల పదకోశము మాటల పట్టికగా గాక, తంతువుతో గూడిన ముడుల సంచయముగా నుండవలెనని మా యభిప్రాయము. తీరమునకు దగ్గఱనున్న యువపరిశోధకులు ఈ పనికి పూనుకొన్నచో గ్రంథమునకును గ్రంథికిని గల పాత చుట్టఱికము మరల కలియునని విశ్వసించుచున్నాము.